చెయ్యి వేయని ఊరు

నెల్లూరులో లా చదివే పిల్లలకు నేను అంతర్జాతీయ న్యాయం చెబుతాను. ఈ సబ్జెక్టు చెప్పేవాళ్లంటే తోటి అధ్యాపకులకు కూడా కొంచెం జాలి. ఆస్తి తగాదాల చట్టం చెప్పే మాస్టారిని పెళ్లి భోజనాల దగ్గర కూడా పక్కకు పిలిచి సలహా అడుగుతారు. నన్ను ఎవరూ ఏమీ అడగరు. టీవీలో ఏదో దేశం మీద బాంబులు పడుతున్నప్పుడు మాత్రం, "ఏం మేడం, మీ చట్టం నిద్రపోతోందా?" అంటారు, ఆ బాంబులు నేను వేయించినట్టు. నాకు ముక్కు మీద కోపం. అలా అన్నవాళ్లకు ఆ రోజు కాఫీ రుచించకుండా చేసి పంపుతాను.

నిజానికి ఆ చట్టంలో నాకు చాలా ఇష్టమైన వాక్యం ఒకటుంది. రెండో పెద్ద యుద్ధం ముగిసే వేళ దేశాలన్నీ కూర్చుని రాసుకున్న ఛార్టరులో రెండో అధికరణం, నాలుగో క్లాజు. ఏ దేశమూ ఇంకో దేశం మీద బలం వాడకూడదు, వాడతామని బెదిరించనూ కూడదు. అంతకు ముందు వందల ఏళ్లుగా రాజులకు యుద్ధం చేయడం హక్కు. కావలసినప్పుడు చేసుకునేవారు. ఆ హక్కును ఒక్క వాక్యంతో తీసేశారు. దాన్ని పాటించనివాళ్లున్నారు నిజమే, కానీ పాటించనివాళ్లు కూడా "మేం తప్పు చేయలేదు, ఆత్మరక్షణే చేసుకున్నాం" అని అబద్ధం చెప్పుకోవలసి వస్తోంది కదా, అదే ఆ వాక్యం బలం, అని పిల్లలకు చెబుతాను. ఏటా ఎవడో ఒకడు లేచి, పోలీసు లేని చట్టాన్ని ఎవరు లెక్కచేస్తారు మేడం అంటాడు. ఆ ప్రశ్న కోసమే నేను కాచుకుని ఉంటాను. అప్పుడు మా ఊరి గురించి మొదలుపెడతాను.

మాది మైపాడుకు ఆవల సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. వేట మా బతుకు. మా పల్లెల్లో ఊరి పెద్దలను కాపులంటారు, వాళ్లలో పెద్దవాడు పెద్దకాపు. వాళ్లు కూర్చుని ఊరికంతటికీ వేసే ఆనను దురాయి అంటారు. దురాయి పడిందంటే పడినట్టే. దానికి పోలీసు లేడు, కోర్టు లేదు. మీరినవాడితో ఎవరూ పడవ ఎక్కరు, వాడి వల ఎవరూ పట్టరు. అంతకన్నా పెద్ద శిక్ష మాకు లేదు. మా ఊరికి ఎప్పటినుంచో ఉన్న దురాయి ఒకటుంది. బయటి పడవ మన నీళ్లలోకొచ్చి మన వలలు పాడుచేస్తే దాన్ని చుట్టుముట్టి ఒడ్డుకు తేవచ్చు. దాని మనుషుల మీద మాత్రం చెయ్యి వేయకూడదు. ఒక్క దెబ్బ పడకూడదు. వాళ్ల సంగతి తేలేదాకా ఊరి ఇళ్లు వంతులేసుకుని వాళ్లకు అన్నం పెట్టాలి.

ఈ కథ నేను సెమినార్లలో చెప్పాను. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దల ముందు చెప్పాను. ఛార్టరు పుట్టకముందే మా తాతలకు ఈ న్యాయం తెలుసని గొప్పలు పోయాను. చదువుకున్న ఊళ్లు తలలు పగలగొట్టుకుంటుంటే మా చేపల పల్లె చెయ్యి దించి కూర్చుంటుందని, దేశాలు మా దగ్గరకొచ్చి నేర్చుకోవాలని అన్నాను. చప్పట్లు కొట్టారు. నేను కూడా లోపల లోపల కొట్టుకున్నాను.

ఈ ఏడాది వేట నిషేధం ముగిసి పడవలు మళ్లీ నీళ్లలోకి దిగిన కొత్తల్లో, ఒక గురువారం మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు ఇప్పుడు ఊరి కాపుల్లో ఒకడు.

"అక్కా, సోనాబోటును పట్టినాం. ఒక్క దెబ్బ పడలా."

సోనాబోట్లంటే దక్షిణాన, చెన్నై అవతలి తీరం నుంచి వచ్చే పెద్ద మరబోట్లు. లోతు నీళ్లలో వేటాడాల్సినవి ఒడ్డు దగ్గరికొచ్చి అడుగంటా ఊడ్చుకుపోతాయి. వాటి దారిలో మావాళ్ల వలలుంటే అవీ పోతాయి. మా తమ్ముడి వలలు అలా ఎన్నిసార్లు పోయాయో. అర్జీలు పెట్టాడు, ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పోయిన ఏడాది ఒక బోటును పట్టుకుంటే, ఓనరు వచ్చి నష్టం కడతాడని పెద్దమనుషుల మాట మీద వదిలేశారు. ఓనరు రాలేదు. మా తమ్ముడి కోపంలో న్యాయం లేదని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

ఆ మధ్యాహ్నం క్లాసులో సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. మీరు పుస్తకంలో చదివేది మా ఊళ్లో ఇప్పుడు జరుగుతోంది అన్నాను. చూడొచ్చా మేడం అన్నారు పిల్లలు. చూపిస్తాను అన్నాను. ఆదివారం ఉదయం కాలేజీ వ్యానులో ఒక క్లాసు పిల్లలను ఎక్కించుకుని మా ఊరికి బయలుదేరాను. పట్టుబడ్డ మనుషులను చూడటానికి పిల్లలను వ్యానులో తీసుకెళ్తున్నానన్న ఆలోచన దారిలో నాకు ఒక్కసారి కూడా రాలేదు. చట్టాన్ని చూపించడానికి తీసుకెళ్తున్నాను అనుకున్నాను.

వాళ్లను తుపాను షెల్టరు మేడ మీద ఉంచారు. ఎనిమిది మంది. మేం మెట్లెక్కి లోపలికి పోగానే అందరూ గబుక్కున లేచి నిలబడ్డారు. ఎవరో అధికారులొచ్చారనుకున్నారు కాబోలు. కూర్చోండి కూర్చోండి అన్నాను. వాళ్లు కూర్చోలేదు. బోటు డ్రైవరు ముందు నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి, గడ్డం నెరిసింది. ఒంటి మీద మా తమ్ముడి చొక్కా ఉంది. తన బట్టలు తడిసిపోతే వీడే ఇచ్చాడట. ఆ చొక్కా చూసి నేను పొంగిపోయాను. పిల్లలకు చూపించాను కూడా. చూడండి, పట్టుకున్నవాడు తన చొక్కా ఇచ్చాడు అన్నాను. పిల్లలు ఫోన్లు తీసి ఫొటోలు తీశారు. డ్రైవరు తల పక్కకు తిప్పుకున్నాడు. వెలుతురు కళ్లలో పడుతోందేమో అనుకున్నాను.

సంగం అనే ఊరి నుంచి వచ్చి చదువుకునే అమ్మాయి ఒకతి ఉంది నా క్లాసులో. వరి పండించుకునే ఇంటి పిల్ల. మొదటి బెంచీలో కూర్చుని నా ప్రాణం తీస్తుంది. ఆ అమ్మాయి తిన్నగా డ్రైవరునే అడిగింది.

"మిమ్మల్ని ఎవరైనా కొట్టారా అన్నా?"

"లేదమ్మా," అన్నాడాయన. అక్కడివాళ్లకు మా తెలుగు కొంత వస్తుంది, మాకు వాళ్ల తమిళం కొంత వస్తుంది.

నేను పళ్లపొడి ప్రకటనలో ఆవిడలా నవ్వాను.

"మీరు ఇప్పుడు ఇంటికి పోవచ్చా?"

ఆయన మెట్ల వైపు చూశాడు. అక్కడ మా తమ్ముడు, ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. మా తమ్ముడే జవాబు చెప్పాడు. "ఓనరు రాంగానే పోతారమ్మా. మేమేం కట్టేసినామా?"

అప్పుడే వాడి చేతిసంచీలో ఫోను మోగింది. ఎనిమిది మంది ఫోన్లూ ఆ సంచీలోనే ఉన్నాయి. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. గురువారం నుంచి వీళ్ల ఇళ్ల నుంచి ఫోన్లొస్తే అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి మాట్లాడిస్తున్నారు. భర్తల గొంతు వింటే ఆడవాళ్లు ఏడుస్తారు. ఏడ్చినవాళ్లు పోయి ఓనరు గుమ్మంలో కూర్చుంటారు. ఓనరు దిగొస్తాడు. ఆ ఉపాయం మా తమ్ముడిదేనట. వాడు అలవాటుగా స్పీకరు నొక్కి ఫోను డ్రైవరు ముందు పట్టాడు.

ఒక ఆడమనిషి ఏడుపు. "అమ్మ పోయిట్టాంగ" అన్న మాట మాత్రం అందరికీ తెలిసింది. దానికి భాష రానక్కర్లేదు. డ్రైవరు నిలబడినవాడు నిలబడినట్టే కింద కూలబడ్డాడు. ఆయన తల్లి ఆ తెల్లవారుజామున పోయింది. ఆ కబురు ఆయనతో పాటు నేనూ, నా పిల్లలూ, మెట్ల దగ్గరి మనుషులూ అందరం స్పీకరులో విన్నాం. ఒక పిల్లవాడి ఫోనులో అది వీడియో కూడా అయింది. తీసెయ్ అని వాడి మీద అరిచాను. నా అరుపు ఎవరి మీదో నాకే తెలియలేదు. వాళ్లను తీసుకొచ్చింది నేను.

ఊళ్లో సగం ఇళ్లు చర్చికి పోయేవి, సగం గుడికి పోయేవి. మావి చర్చి ఇళ్లు. ఆరాధన అప్పుడే ముగిసినట్టుంది, కబురు తెలిసి పాస్టరు గారు, నలుగురు అక్కలు మేడెక్కి వచ్చారు. డ్రైవరు హిందువు. అయినా చేతులు కట్టుకుని తల వంచి కూర్చున్నాడు. దుఃఖంలో ఉన్న ఈ కుటుంబానికి ఆదరణ దయచేయి ప్రభువా అని పాస్టరు గారు కన్నీళ్లతో ప్రార్థించారు. అక్కలూ ఏడ్చారు. వాళ్ల ఏడుపులో కల్లాకపటం లేదు. దుఃఖంలో ఉన్న మనిషిని అక్కడ కూర్చోబెట్టింది మనమేనని మాత్రం ఆ ప్రార్థనలో రాలేదు. ఆమెన్ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

డ్రైవరు లేచి అడిగినది ఒక్కటే. బోటు ఉంచుకోండి, మిగతా ఏడుగురూ ఉంటారు, నన్ను పంపండి, ఒక్కడినే కొడుకుని, కొరివి నేనే పెట్టాలి, పెట్టి తిరిగి వస్తాను. ఎండలు ముదిరి ఉన్నాయి. సాయంత్రం దాటితే శవాన్ని ఉంచరు. ఇప్పుడు బయలుదేరితే అందుకుంటాడు.

కాపులు షెల్టరు కింద నీడలో కూర్చున్నారు. పెద్దకాపు చెడ్డవాడు కాదు. తన తల్లిని తనే సముద్రం దగ్గరి శ్మశానానికి మోసిన మనిషి. పంపుదామన్నట్టే ఉంది ఆయన ముఖం. మా తమ్ముడు అడ్డం పడ్డాడు.

"ఈయన్ని పంపితే ఓనరు రాడు. బోటు పోతే ఆయనకు ఇన్సూరెన్సు ఉండాది. ఈయన పెళ్లాం గుమ్మంలో కూసోని ఏడస్తా ఉంటేనే ఆయన కదిలేది. పోయినేడు వదిలినాం, ఏమైంది? మళ్లీ మన వలలే పోయె."

అప్పుడు పెద్దకాపు నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నువ్వు దేశాల చట్టమే చెప్పేదానివి. దురాయి చెయ్యి వెయ్యొద్దనింది. మేం వెయ్యలా. ఇప్పుడీయన్ని ఆపితే అది చెయ్యి వేసినట్టా, కాదా? నువ్వు చెప్పు, ఆ పెకారం చేస్తాం."

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఒక మనిషి బతుకు మీద నా సబ్జెక్టును ఎవరైనా సలహా అడగడం అదే మొదటిసారి. చుట్టూ నా పిల్లలు. డ్రైవరు మేడ మీది పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తున్నాడు.

నాకు జవాబు తెలుసు. క్లాసులో ఏటా చెప్పేదే. ఆ నాలుగో క్లాజు రాసేటప్పుడు కొన్ని దేశాలు అడిగాయి, బలం అంటే తుపాకీ ఒక్కటేనా, సరుకులు ఆపి, వ్యాపారం బిగించి, ఊపిరాడకుండా చేస్తే అది బలం కాదా, దాన్నీ ఇందులో చేర్చండి అని. చేర్చలేదు. అందుకని బలం అంటే ఆయుధబలమేనని, తక్కిన ఒత్తిళ్లు ఆ నిషేధం కిందికి రావని ఎక్కువమంది పండితుల మాట. పరీక్షలో అది రాస్తే పూర్తి మార్కులు.

"కాదు," అన్నాను. "బలం వాడటం వేరు, ఒత్తిడి పెట్టడం వేరు. మీరు బలం వాడలేదు. దురాయి తప్పలేదు."

సంగం అమ్మాయి వెనక నుంచి, "మేడం, క్లాజులో బెదిరింపు కూడా ఉంది కదా," అంది.

"బెదిరింపు అంటే బలం వాడతామన్న బెదిరింపు. ఇక్కడ కొడతామని ఎవరైనా అన్నారా?" అన్నాను. గొంతులో క్లాసు గట్టితనం వచ్చేసింది.

అది కూడా సరైన జవాబే. అందులో ఎవరూ తప్పు పట్టలేరు. నాకు సిగ్గేసింది. తర్వాత ఎప్పుడో తీరిగ్గా ఆలోచించుకుని పడ్డ సిగ్గు కాదు. ఆ మాట నోట్లో ఉండగానే వేసింది. అయినా మాట పూర్తి చేశాను. పిల్లల ముందు వెనక్కి తగ్గడం రాదు నాకు. పైగా ఊరూరా డప్పు కొట్టుకున్న మా దురాయిని, అది చాలదు, దానికి పెద్ద కన్నం ఉంది అని నా నోటితో నేనే ఎలా అనగలను? అది దురాయిని అన్నట్టు కాదు, నన్ను నేను అనుకున్నట్టు.

"అంతే కదమ్మా," అన్నాడు పెద్దకాపు. కండువాతో ముఖం తుడుచుకుని లేచాడు. మేడ మీద డ్రైవరుకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కాపులు లేచిన తీరు చూసి ఆయన పిట్టగోడ వదిలి లోపలికి పోయాడు.

ఆ పూట వంతు మా తమ్ముడి ఇంటిది. మా మరదలు పొద్దున్నే లేచి నా పిల్లలకూ, మేడ మీది వాళ్లకూ కలిపి చేపల పులుసు చేసింది. వంకాయలు వేసిన ఆ పులుసును పిల్లలు మెచ్చుకుంటూ తిన్నారు. కాసేపటికి మా మరదలు ముట్టని కంచం ఒకటి పట్టుకుని తిరిగొచ్చింది.

"అమ్మ చచ్చిపోయినోడికి చేపల పులుసు పంపినాం వదినా. మనకేమన్నా బుద్ధుండాదా?" అంది. ఆ 'మన'లో నన్ను కలిపిందో, తనను తాను తిట్టుకుందో నేను అడగలేదు.

పిల్లలను వ్యానెక్కించి పంపేశాను. వాళ్లతో కలిసి గంటసేపు ఆ వ్యానులో కూర్చోవడానికి నాకు ముఖం చెల్లలేదు, పని ఉందని చెప్పి ఉండిపోయాను. సంగం అమ్మాయి చివర ఎక్కుతూ, "ఇవాళ చూసింది ప్రాజెక్టులో రాయాలా మేడం?" అని అడిగింది. వెటకారం కాదు, మార్కుల కోసం నిజంగానే అడిగింది. అక్కర్లేదు అని కసిరాను. పాపం, ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు.

సాయంత్రం దహనాన్ని డ్రైవరు ఫోనులో చూశాడు. మా తమ్ముడే సంచీలోంచి ఫోను తీసి ఇచ్చాడు, ఈసారి స్పీకరు తీసేసి. కొరివి ఆయన బావ పెట్టాడట. నేను మేడ మీదికి పోలేదు. కింద పెరట్లో తమ్ముడిని పట్టుకున్నాను.

"ఆయన్ని పంపించి ఉండాల్సిందిరా."

వాడు నన్ను వింతగా చూశాడు. "నువ్వే కదక్కా చెప్పినావు."

"నేను చట్టం చెప్పాను. పంపొద్దని చెప్పానా?"

"పెద్దకాపు నీ నోటి కోసమే చూసినాడు. పంపండి అనే మాట యాడన్నా వస్తదా అని. మాకు మేమే పంపితే రేపు ఊరు మమ్మల్ని తిడతది. చదువుకున్నది చెప్పింది, అందుకని పంపినాం అంటే ఎవరూ మాట్లాడరు. నేను కూడా... నేను అడ్డం పడినాను, నిజమే. నా వలలు పోయినాయి, పడినాను. నువ్వు పంపమంటే నేను దిగేవాణ్ణి." వాడు మేడ వైపు చూశాడు. "నాకూ అమ్మ ఉండింది కదక్కా."

మా అమ్మ పోయినప్పుడు పెట్టెను ముందు పక్క భుజాన మోసింది వాడే. నేను తల ఎత్తలేకపోయాను. న్యాయం అడగడానికి కాదు, ఒక మనిషిని ఇంటికి పంపడానికి సాకు కావాలని ఆ ముసలాయన నన్ను అడిగాడు. నేను పూర్తి మార్కుల జవాబు చెప్పాను. చెడ్డవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల మీద కోప్పడి బయటపడేదాన్ని. నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

మర్నాడు ఉదయం ఓనరు వచ్చాడు. మా తమ్ముడి లెక్క తప్పు కాలేదు. తెగిన వలలకు ఒప్పందం కుదిరింది, ఇక ఈ నీళ్లలోకి రామని మాటిచ్చాడు, అందరూ టీలు తాగారు. ఏడుగురు బోటులో బయలుదేరారు. డ్రైవరు మాత్రం అస్థి సంచయనానికి అందుకోవాలి, బస్సులో పోతేనే తొందరగా చేరుతాడు. నెల్లూరు బస్టాండు దాకా నేను దింపుతానన్నాను. చిన్నప్పటి స్నేహితురాలి కారు అడిగి తీసుకున్నాను. ఎవరూ వద్దనలేదు. మా మరదలు ఇడ్లీలు కట్టిచ్చింది.

దారిలో ఏం చెప్పాలో అంతా ముందే అనుకున్నాను. రొయ్యల గుంటలు దాటి పెద్ద రోడ్డెక్కేసరికి ఆయనే మొదలుపెట్టాడు.

"మీ ఊరు మంచి ఊరమ్మా. వేరే దగ్గర అయితే కాళ్లు విరగ్గొడతారు. మీరు చెయ్యి వెయ్యలేదు. సాప్పాడు, అన్నం పెట్టారు. మా ఊరులో చెప్తాను."

సెమినార్లలో నేను చెప్పిన మాటలే. వాటిని ఆయన నోట వింటుంటే కారు పక్కకు ఆపేసి దిగి పారిపోవాలనిపించింది.

"పోలీసు దగ్గర పోనమ్మా," అన్నాడు మళ్లీ. "ఏమీ చెప్పను. మీ తమ్ముడికి చెప్పండి."

అందుకోసం కాదండీ నేను వచ్చింది, అన్నాను. సరేనమ్మా అన్నాడు. ఇందుకూరుపేట దాటాక మళ్లీ అదే మాట. కేసు పెట్టను, నేను మాట తప్పను అన్నాడు. నేను కారు తీసుకుని వెంట రావడానికి ఆయనకు తోచిన కారణం అదొక్కటే. తనను పట్టుకున్నవాళ్ల ఇంటి మనిషి, చదువుకున్నది, చట్టం తెలిసినది, ఒంటరిగా కారులో కూర్చోబెట్టుకుంది. ఇంకెందుకు కూర్చోబెట్టుకుంటుంది?

"నన్ను క్షమించండి," అన్నాను చివరికి. "మిమ్మల్ని నిన్ననే పంపి ఉండాలి. పంపమని నేను చెప్పి ఉండాలి. చెప్పలేదు."

ఆయన హడలిపోయాడు. రెండు చేతులూ జోడించి, "అయ్యో, అట్ల అనకూడదమ్మా, మీరు పెద్దవాళ్లు," అన్నాడు. నా ముఖంలోకి భయంభయంగా చూశాడు. ఈ మాటతో ఈవిడ ఇంకేం రాబట్టబోతోంది అని వెతుక్కుంటున్న చూపు అది. నా సిగ్గు దించుకోవడానికి అన్న మాట ఆయన మీద ఇంకో బరువైంది.

బస్టాండు ముందు రోడ్డు పక్కన కారు ఆపాను. చెన్నై బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది, కండక్టరు చెన్నై చెన్నై అని అరుస్తున్నాడు. ఇదేనండీ మీ బస్సు, అన్నాను. ఆయన బస్సును చూశాడు, ఇడ్లీల పొట్లం ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. తల్లిని తలుచుకుంటున్నాడేమో, తొందర పెట్టకూడదనుకున్నాను. బస్సు నడిపేవాడు ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. ఈయన ఆ బస్సునూ నన్నూ మార్చి మార్చి చూస్తున్నాడు కానీ కదలడం లేదు. పోలీసులు లేరు, మా తమ్ముడు లేడు, ఊరు పదిహేను మైళ్ల వెనక ఉండిపోయింది. నెల్లూరు నడిబజారు, పట్టపగలు.

"దిగొచ్చా అమ్మా?" అని అడిగాడు.

దిగండి అన్నాను. నేను ఆ మాట అనేదాకా ఆయన దిగలేదు.